రాజీ కుదిరాక 498-ఏ కేసును చట్టబద్ధంగా ముగించుకోవడం ఎలా

పెద్దమనుషులు రెండు వైపుల వారినీ కూర్చోబెట్టి, ఇచ్చిపుచ్చుకోవలసిన లెక్కలు తేల్చి, స్టాంపు కాగితం మీద అందరిచేతా సంతకాలు పెట్టించిన నాటి సాయంత్రం ఇరు కుటుంబాలూ గొడవ తీరిపోయిందనే అనుకుంటాయి. కొన్ని నెలలు గడిచాక అత్తగారి పేర వారంటు పట్టుకుని కానిస్టేబులు గుమ్మం ముందు నిలబడినప్పుడో, విదేశానికి బయలుదేరిన భర్తను విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు ఆపినప్పుడో అసలు సంగతి తెలుస్తుంది. రాజీ కుదిరింది గాని, కేసు కోర్టులో నడుస్తూనే ఉంది. ఏ కాగితం ముందు రావాలో, ఏ డబ్బు ఎప్పుడు చేతులు మారాలో, ఏ కోర్టు తలుపు తట్టాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో భార్యాభర్తల తగాదాల నుంచి పుట్టే 498-ఏ కేసులనే, అంటే భర్త, అతని బంధువులు భార్యను హింసించారంటూ పాత భారత శిక్షాస్మృతిలోని ఆ సెక్షను కింద పెట్టే కేసులనే ప్రధానంగా తీసుకున్నాను. అన్నదమ్ముల ఆస్తి తగాదాల్లో పడిన కొట్లాట కేసులకూ ఇందులో కొంత భాగం వర్తిస్తుంది.

కేసు ఎవరిది?

సివిల్ దావా వేసినవారు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేసిన క్రిమినల్ కేసులో ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే అక్కడ ఒక పక్షం రాష్ట్ర ప్రభుత్వం. ఫిర్యాదు ఇచ్చిన భార్యను కోర్టు కాగితాల్లో ‘డీ ఫాక్టో కంప్లైనెంట్’ అని రాస్తారు. కేసు నడిపేది మాత్రం పబ్లిక్ ప్రాసిక్యూటరు. ఆమె స్టేషన్‌కు వెళ్ళి ‘మాకు రాజీ అయింది, కేసు వద్దు’ అని రాసిచ్చినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ మాసిపోదు. దర్యాప్తు అధికారి ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకోవచ్చు; దాని ఆధారంగా కేసు మూసే అధికారం మాత్రం ఆయనకు లేదు.

పెద్దమనుషుల ఒప్పందాల్లో తరచుగా కనిపించే ఒక వాక్యం గురించి ఇక్కడే చెప్పాలి. ‘భర్త ఇంత సొమ్ము ఇచ్చినందున భార్య కేసును విత్‌డ్రా చేసుకొనుటకు అంగీకరించినది’ అని రాస్తుంటారు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 23వ సెక్షను కింద ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి అచ్చం ఇలాంటిదే: దోపిడీ కేసు వదిలేస్తానని ఒకరు, తీసుకున్న వస్తువుల విలువ తిరిగి ఇస్తానని మరొకరు చేసుకున్న ఒప్పందం చెల్లదని చట్టమే చెబుతుంది. అందువల్ల రాజీకి అనుమతి లేని నేరం విషయంలో కేసును వదిలేయడమే డబ్బుకు బదులన్నట్టు రాసుకుంటే, రేపు ఎవరైనా మాట తప్పినప్పుడు ఆ కాగితం ఎందుకూ కొరగాకుండా పోవచ్చు. డబ్బును శాశ్వత భరణంగా, స్త్రీధనం తిరిగి ఇవ్వడంగా, పిల్లల పోషణగా చూపించి, ‘కేసు కొట్టివేత కోసం హైకోర్టులో వేసే పిటిషన్‌కు ఫిర్యాది అభ్యంతరం చెప్పక, స్వయంగా హాజరై సహకరించును’ అని రాయించుకోవడం పద్ధతి.

ముందు చార్జిషీటులోని సెక్షన్లు చూసుకోండి

రాజీతో ముగిసే నేరాలు, ముగియనివి అని చట్టం రెండుగా విడదీసింది. 2024 జూలై 1 వరకూ రాజీకి వీలున్న నేరాల పట్టిక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 320వ సెక్షనులో ఉండేది. ఆ తేదీ నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 359వ సెక్షనులో ఉంది. పట్టికలో ఉన్న నేరమైతే విచారణ జరిపే మేజిస్ట్రేటు దగ్గరే రాజీ నమోదు చేయించుకోవచ్చు. కొన్నింటికి కోర్టు అనుమతి కూడా అక్కర లేదు, కొన్నింటికి కావాలి. మామూలు దెబ్బలు, బెదిరింపు మొదటి కోవలోకి వస్తాయి. మోసం, నమ్మకద్రోహం రెండో కోవలోకి. రాజీ నమోదైతే నిందితులను నిర్దోషులుగా విడుదల చేసినట్టే లెక్క. అన్నదమ్ముల మధ్య గట్టు తగాదాలో పడ్డ కొట్లాట కేసు చాలాసార్లు ఇలా ఒక్క వాయిదాలో, లేదా లోక్ అదాలత్‌లో ముగిసిపోతుంది.

498-ఏ సంగతి వేరు. దేశంలోని చాలా రాష్ట్రాల్లో ఇది రాజీకి వీలులేని నేరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2003లో సవరణ చేసి, కోర్టు అనుమతితో భార్య రాజీ పడే వీలు కల్పించింది. విభజన తర్వాత ఆ సవరణ తెలంగాణలోనూ కొనసాగింది. ఆ సవరణలో ఒక షరతు ఉంది. రాజీ కోరుతూ కోర్టుకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కనీసం మూడు నెలలు గడవాలి, ఆ లోపల ఇరుపక్షాల్లో ఎవరూ వెనక్కి తగ్గకూడదు, అప్పుడే కోర్టు అనుమతి ఇవ్వవచ్చు. కోపంలో పెట్టిన కేసు, ఒత్తిడిలో ఒప్పుకున్న రాజీ, రెండూ చల్లారడానికి ఇచ్చిన గడువుగా నేను దీన్ని చూస్తాను. మంచి ఏర్పాటే. అయితే ఈ సవరణ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పట్టికకు చేసినది. 2024 జూలై 1 తర్వాత జరిగిన నేరాలకు వర్తించే భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షను, అంటే పాత 498-ఏకు సమానమైనది, 359వ సెక్షను పట్టికలో లేదు. కాబట్టి కొత్త కేసులకు ఈ దారి ఉందనుకుని మేజిస్ట్రేటు కోర్టులో నెలలు పోగొట్టుకోకండి. ఆ తేదీకి ముందే విచారణలో ఉన్న పాత కేసులకు మాత్రమే దీన్ని ఆలోచించాలి.

పాత కేసుల్లోనూ మరో చిక్కు ఉంది. 498-ఏ ఒంటరిగా రావడం అరుదు. దాని వెంట వరకట్న నిషేధ చట్టం, 1961లోని 3, 4 సెక్షన్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. ఆ చట్టం 8వ సెక్షను దాని కింద వచ్చే ప్రతి నేరాన్నీ రాజీకి వీలులేనిదిగా ప్రకటించింది. మేజిస్ట్రేటు 498-ఏ వరకు రాజీకి అనుమతి ఇచ్చినా, కట్నం సెక్షన్లు అలాగే మిగిలిపోతాయి. ఆ కారణంగానే మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ కేసుల రాజీలు చివరకు హైకోర్టుకు చేరుతున్నాయి. లోక్ అదాలత్‌లో తేల్చుకుందామన్నా, రాజీకి వీలులేని నేరాలపై దానికి అధికార పరిధి లేదని న్యాయసేవల ప్రాధికార చట్టం, 1987లోని 19వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. మనోవర్తి కేసును, సివిల్ దావాలను మాత్రం అక్కడ ముగించుకోవచ్చు.

హైకోర్టు ఎప్పుడు కొట్టివేస్తుంది?

హైకోర్టుకున్న సహజ అధికారాలను పాత కోడ్‌లో 482వ సెక్షను, కొత్త సంహితలో 528వ సెక్షను గుర్తిస్తున్నాయి. వాడుకలో దీన్నే ‘క్వాష్’ అంటున్నాం. భార్యాభర్తల కేసుల్లో రాజీ కుదిరితే, నేరం పట్టికలో లేకపోయినా ఈ అధికారంతో కేసు కొట్టివేయవచ్చని సుప్రీంకోర్టు 2003లో బి.ఎస్. జోషి కేసులో చెప్పింది. ఆ అభిప్రాయం సరైనదేనా అన్న సందేహం వచ్చి, విషయం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్ళింది. 2012 సెప్టెంబరులో గియాన్ సింగ్ కేసులో ఆ ధర్మాసనం దాన్ని ఖాయం చేస్తూ, వైవాహిక, కుటుంబ, ఆస్తి, వ్యాపార తగాదాల్లాంటి ప్రధానంగా వ్యక్తిగతమైన వివాదాలకు ఈ దారి తెరిచే ఉందని, హత్య, అత్యాచారం, దోపిడీ వంటి ఘోర నేరాలు సమాజం మీద చేసినవి గనుక బాధితులు రాజీపడినా కొట్టివేయరాదని గీత గీసింది.

ఆ గీత మీ కేసు మీదుగా వెళుతోందో లేదో ముందే చూసుకోవాలి. వరకట్న మరణం కేసులో మృతురాలి తల్లిదండ్రులు డబ్బు తీసుకుని రాజీకి వచ్చారని చెప్పుకుంటే కోర్టు వినదు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు అయినా అంతే. పాఠశాల విద్యార్థినిపై ఒక ఉపాధ్యాయుడు చేసిన నేరాన్ని ఆమె తండ్రి రాజీపడ్డారని హైకోర్టు కొట్టివేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. హత్యాయత్నం సెక్షను పెట్టిన కేసుల్లో మాత్రం కొంత ఆశ ఉంటుంది. సెక్షను పేరు చూసి ఆగిపోకుండా, వాడిన ఆయుధం, తగిలిన గాయం, అది శరీరంలో ఏ భాగంలో తగిలింది అన్నవి చూడాలని 2014లో నరీందర్ సింగ్ కేసు చెప్పింది. నిందితుడు ఇన్నాళ్ళూ పరారీలో ఉన్నాడా, రాజీకి ఎలా ఒప్పించాడు అన్నవి కూడా కోర్టు పరిశీలిస్తుంది. ఇక 498-ఏ, కట్నం సెక్షన్లు, మామూలు దెబ్బలు, బెదిరింపు వరకే ఉన్న కేసు అయితే, రాజీ నిజమైనదైనంత వరకూ భయపడవలసింది పెద్దగా లేదు.

శిక్ష పడి, అప్పీలు పెండింగులో ఉన్న దశలో రాజీ కుదిరినా దారి మూసుకుపోదు. ఘోరం కాని, వ్యక్తిగత స్వభావం ఉన్న నేరాల్లో ఆ దశలోనూ హైకోర్టు జోక్యం చేసుకోవచ్చని 2021లో సుప్రీంకోర్టు పేర్కొంది.

రాజీ పత్రాన్ని ఎలా రాసుకోవాలి?

అనుభవం మీద చెబుతున్నాను: హైకోర్టు దశలో తల నొప్పులన్నీ రాజీ పత్రంలో రాయకుండా వదిలేసిన మాటల నుంచే వస్తాయి. అందుకని ఈ పనికి ఒక రోజు ఎక్కువ పట్టినా ఫరవాలేదు.

మొట్టమొదట కేసులన్నీ ఏకరువు పెట్టాలి. ఒక్క 498-ఏ గొడవ ఉన్న ఇంట్లో సాధారణంగా నాలుగైదు కేసులుంటాయి: మేజిస్ట్రేటు కోర్టులో సీసీ నంబరు, గృహహింస చట్టం కింద డీవీసీ, మనోవర్తి కోసం ఎంసీ, ఫ్యామిలీ కోర్టులో విడాకుల లేదా కాపురానికి రమ్మనే ఓపీ, భర్త తరఫువారు ఎదురు పెట్టిన కేసు, ఒక కోర్టు నుంచి మరో కోర్టుకు మార్చమని వేసిన పిటిషను, అప్పుడెప్పుడో మహిళా కమిషన్‌కో, భర్త పనిచేసే కార్యాలయానికో పంపిన ఫిర్యాదు. ప్రతిదానికీ నంబరు, కోర్టు పేరు, అది ఎవరు ఎప్పటిలోగా ఎలా ముగించాలి అన్నది రాయాలి. ‘ఉభయుల మధ్య గల కేసులన్నియు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, మరచిపోయిన ఆ ఒక్క ఎంసీ మూడేళ్ళ తర్వాత బకాయి మనోవర్తి వారంటుగా తిరిగివస్తుంది.

తర్వాత సంతకాలు. నిందితులు ఏ-1 నుంచి చివరివారి వరకు అందరూ రాజీలో ఉండాలి. ఎక్కడో అత్తవారింట్లో ఉన్న ఆడపడుచును ‘ఆమెతో పనేముంది’ అని వదిలేస్తే ఆమె మీద కేసు అలాగే నిలిచిపోతుంది. అటువైపు, ఫిర్యాదు ఇచ్చింది తండ్రి అయితే తండ్రితో పాటు కూతురూ సంతకం చేయాలి, ఎందుకంటే బాధితురాలు ఆమె. తండ్రి సంతకం ఒక్కటి సరిపోదు. స్త్రీధనానికి ఆమె ఒక్కతే యజమానురాలని, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి దాన్ని అడగజాలడని తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

బంగారం, పెళ్ళి సామాను విషయంలో ‘ముట్టినవి’ అని రాసి వదిలేయకండి. తూకం వేసి, గ్రాముల్లో జాబితా రాసి, ఫొటోలు జత చేసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఇద్దరూ జాబితా కింద సంతకం చేయాలి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలమో, ఇంటి స్థలమో తిరిగి రాసివ్వడం రాజీలో భాగమైతే, అది రిజిస్ట్రేషన్ జరిగితేనే పూర్తయినట్టు. ఆ తేదీ కూడా పత్రంలో ఉండాలి.

పిల్లల విషయం రాసేటప్పుడు కొన్ని ఒప్పందాల్లో ‘తల్లి పిల్లల తరఫున అన్ని హక్కులూ వదులుకున్నది’ అని కనిపిస్తుంది. తల్లి తన భరణం వదులుకోవచ్చు. బిడ్డ పోషణ, బిడ్డకు తండ్రి ఆస్తిలో ఉన్న హక్కు వదులుకోవడానికి అవి ఆమెవి కావు. న్యాయమూర్తి ఆ వాక్యం చూస్తే రాజీ మొత్తాన్నే అనుమానించే ప్రమాదముంది. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, రెండోవారు ఎప్పుడు చూడవచ్చు, బడి ఫీజు ఎవరిది, పాస్‌పోర్టుకు సంతకం ఎవరు చేయాలి అన్నవి రాసుకుంటే చాలు.

డబ్బు, కేసు, విడాకులు: ఏది ముందు?

ఇక్కడే రాజీలు చెడతాయి. డబ్బు మొత్తం ముందే ఇచ్చేస్తే ఆమె హైకోర్టుకు రాదేమోనని భర్త భయం. కేసు ముందే కొట్టివేయిస్తే ఆయన మిగతా సొమ్ము ఎగ్గొడతాడేమోనని భార్య భయం. రెండు భయాలూ న్యాయమైనవే. అందుకని సొమ్మును విడతలుగా చేసి, ప్రతి విడతనూ ఒక కోర్టు మెట్టుకు కట్టాలి.

పరస్పర అంగీకార విడాకులు హిందూ వివాహ చట్టం 13-బి కింద రెండు మెట్లలో జరుగుతాయి. కనీసం ఏడాది విడిగా ఉన్నవారు ఉమ్మడి పిటిషను వేస్తారు. ఆ తర్వాత ఆరు నెలలకు, పద్దెనిమిది నెలల లోపు, రెండోసారి వచ్చి తమ అంగీకారం చెబుతారు. చాలాకాలంగా విడిగా ఉండి, లెక్కలన్నీ తేలిపోయినవారికి ఆ ఆరు నెలల నిరీక్షణను ఫ్యామిలీ కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అనుమతించింది. అయితే డిక్రీ వచ్చేదాకా ఇద్దరి అంగీకారమూ నిలిచి ఉండాలి. మధ్యలో ఒకరు కాదంటే విడాకులు రావు.

ఈ లెక్కన, ఉదాహరణకు ఇరవై లక్షలకు రాజీ కుదిరిందనుకుంటే, మొదటి పిటిషను వేసి వాంగ్మూలం ఇచ్చిన రోజున అయిదు, హైకోర్టులో ఆమె హాజరై కేసు కొట్టివేతకు ఒప్పుకున్న రోజున ఏడు, రెండో వాంగ్మూలంతో విడాకుల డిక్రీ వచ్చే రోజున ఎనిమిది లక్షలు ఇచ్చేలా రాసుకోవచ్చు. అంకెలు మీ ఇష్టం. చివరి విడత మరీ చిన్నది కాకూడదు, మొదటి విడత మరీ పెద్దది కాకూడదు. ప్రతి విడతా డిమాండ్ డ్రాఫ్టుగానో, బ్యాంకు బదిలీగానో ఉండాలి. నగదు ఇచ్చి రసీదు రాయించుకోవడం కంటే మూర్ఖత్వం లేదు. డీడీ ముందుగా తీసి జిరాక్సు చూపించడం ఒక అలవాటు. డీడీ మూడు నెలలే చెల్లుతుంది, అసలు కాగితం తన దగ్గరే ఉంటే తీసినవాడు దాన్ని రద్దు చేయించుకోగలడు. భార్య తరఫువారు జిరాక్సుతో తృప్తి పడకుండా, అసలు డీడీని కోర్టులో జమ చేయించడమో, ఇద్దరికీ నమ్మకమైన న్యాయవాది దగ్గర ఉంచడమో చేయాలి.

సొమ్ము తీసుకుని, విడాకులు కూడా పొంది, ఆపై క్రిమినల్ కేసును మాత్రం నడిపిస్తానంటే కోర్టులు ఒప్పుకోవడం లేదు. రుచీ అగర్వాల్ కేసులో 2004లో సుప్రీంకోర్టు అలాంటి కేసును తానే కొట్టివేసింది. అయినా ఆ తీర్పు మీద ఆధారపడి అజాగ్రత్తగా ఉండటం కన్నా విడతలు సరిగ్గా రాసుకోవడం చౌక.

మళ్ళీ కలిసి కాపురం చేయాలని నిర్ణయించుకున్న జంటలకు ఈ విడతల గొడవ లేదు. వారు కలిసి ఉంటున్నట్టు ఇద్దరి ప్రమాణపత్రాలు హైకోర్టుకు చాలు. భార్య తరఫున ఒక్క మాట: కేసు కొట్టివేయించాకే ఇంటికి తీసుకెళ్తామనే షరతు పెడితే, కొన్ని నెలలైనా కాపురం చేశాకే పిటిషన్‌కు ఒప్పుకోవడం మేలు.

ఒప్పందం కుదుర్చుకునే చోటు గురించి కూడా ఆలోచించాలి. పెద్దమనుషుల పంచాయితీలో తప్పేమీ లేదు గాని, జిల్లా కోర్టులోని మధ్యవర్తిత్వ కేంద్రంలో కుదిరిన రాజీకి విలువ ఎక్కువ. 498-ఏ కేసుల్లో రాజీకి అవకాశం కనిపిస్తే క్రిమినల్ కోర్టులే పక్షాలను మధ్యవర్తిత్వానికి పంపాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, కె. శ్రీనివాసరావు వర్సెస్ డి.ఎ. దీప, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే. సొంతంగా వకీలును పెట్టుకోలేని మహిళ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. అటువైపు వకీలే తన కాగితాలూ చూస్తానంటే ఆమె ఒప్పుకోకూడదు.

హైకోర్టులో ఏం జరుగుతుంది?

ఎఫ్‌ఐఆర్ ఎక్కడ నమోదైందో ఆ రాష్ట్ర హైకోర్టుకే వెళ్ళాలి. హైదరాబాదు, వరంగల్లు కేసయితే హైదరాబాదులోని తెలంగాణ హైకోర్టు. గుంటూరు, విశాఖ కేసయితే అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. నిందితులందరూ పిటిషనర్లుగా క్రిమినల్ పిటిషను దాఖలు చేస్తారు. మొదటి ప్రతివాది రాష్ట్ర ప్రభుత్వం, రెండో ప్రతివాది ఫిర్యాది. నేరం 2024 జూలైకి ముందు జరిగినా, పిటిషను ఇప్పుడు వేస్తున్నారు గనుక దాని శీర్షికలో 528వ సెక్షను రాస్తారు. దానితో పాటు రాజీకి అనుమతి కోరుతూ, రాజీని నమోదు చేయమంటూ వేరుగా మధ్యంతర దరఖాస్తులు వేస్తారు. ఇరుపక్షాలూ, వారి న్యాయవాదులూ సంతకం చేసిన జాయింట్ మెమో, ఫిర్యాది ప్రమాణపత్రం, ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు, రాజీ పత్రం, అందరి ఆధార్ కాపీలు జత చేయాలి.

ఆమె ప్రమాణపత్రం తెలుగులో చదివి వినిపించి, అర్థమయ్యాకే సంతకం చేయించాలి. ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకున్నానని, ఎంత సొమ్ము ఇప్పటికి ముట్టిందో, ఎంత రావాలో అందులో ఉండాలి. సొమ్ము ముట్టకుండానే మొత్తం ముట్టినట్టు రాసిన ప్రమాణపత్రం మీద సంతకం చేసి, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ వచ్చిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు.

పిటిషను విచారణకు వచ్చినప్పుడు ఇరుపక్షాలూ స్వయంగా హాజరు కావాలి. న్యాయమూర్తే ప్రశ్నించవచ్చు, లేదా హైకోర్టు న్యాయసేవల కమిటీ ముందో, రిజిస్ట్రారు ముందో హాజరై వాంగ్మూలం ఇమ్మని పంపవచ్చు. అక్కడ గుర్తింపు పత్రాలు సరిచూసి, ఆమెను విడిగా అడుగుతారు: ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారా, డబ్బు అందిందా, కేసు కొట్టివేస్తే అభ్యంతరం ఉందా? ఈ ప్రశ్నలను లాంఛనం అనుకోకూడదు. ఒత్తిడితో వచ్చిన మహిళ నిజం చెప్పడానికి ఉన్న చోటు అదే. అలా చెబితే పిటిషను అక్కడితో ఆగుతుంది, ఆగాలి కూడా. అంతా సవ్యంగా ఉంటే నివేదిక న్యాయమూర్తికి వెళ్ళి, పబ్లిక్ ప్రాసిక్యూటరు మాట కూడా విని, కేసును కొట్టివేస్తూ ఉత్తర్వు ఇస్తారు.

అప్పటిదాకా కింది కోర్టు వాయిదాలు ఆగవు. హైకోర్టు నుంచి స్టే లేకపోతే ప్రతి వాయిదాకూ వెళ్ళాలి, లేదా గైర్హాజరు పిటిషను వేయించాలి. ఇప్పటికే నాన్ బెయిలబుల్ వారంటు ఉంటే, ముందు దాన్ని రద్దు చేయించుకోండి. వారంటు తప్పించుకు తిరుగుతున్నవాడి రాజీని కోర్టు అనుమానంగా చూస్తుంది.

విదేశంలో ఉన్నవారు

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న భర్త పిటిషను వేయడానికి భారతదేశం రావలసిన పని ఉండకపోవచ్చు. ఇక్కడి తండ్రికో, అన్నకో పవర్ ఆఫ్ అటార్నీ రాసి, భారత కాన్సులేట్‌లో అధికారి ఎదుట సంతకం చేసి పంపాలి. ఆ పత్రం భారతదేశానికి చేరిన మూడు నెలల లోపల స్టాంపు సుంకం కట్టాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లా రిజిస్ట్రారు కార్యాలయంలో ఈ పని అవుతుంది. భార్య విదేశంలో ఉంటే మాత్రం ఆమె సమ్మతిని కోర్టు నేరుగా వినాలనుకుంటుంది, కాబట్టి వీడియో ద్వారా హాజరుకు అనుమతి కోరుతూ ముందే దరఖాస్తు పెట్టుకోవాలి.

అక్కడి కోర్టులో విడాకులు తీసుకున్నాం గనుక ఇక్కడి కేసు దానంతటదే పోతుందని కొందరు నమ్ముతారు. తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక జంట విషయంలో, అమెరికాలోని మిస్సోరీ కోర్టు ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవని 1991లోనే సుప్రీంకోర్టు వై. నరసింహారావు కేసులో తేల్చింది. ఒకవేళ ఆ విడాకులు చెల్లేవే అయినా, జరిగిందంటున్న నేరం మీద కేసు వేరే విషయం.

హాస్టైల్ (సాక్షి ఎదురు తిరగడం) అనే అడ్డదారి

‘హైకోర్టు దాకా ఎందుకు, సాక్ష్యం రోజున ఆమె కోర్టులో ఏమీ జరగలేదని చెబితే కేసు కొట్టుకుపోతుంది’ అని సలహా ఇచ్చేవారు ప్రతి కోర్టు ఆవరణలోనూ దొరుకుతారు. ఖర్చు తక్కువ కావడం వల్ల ఈ దారి బాగా వాడుకలో ఉంది. నేను దీన్ని ఎవరికీ చెప్పను. ప్రమాణం చేసి అబద్ధం చెప్పమని ఒక మహిళను అడుగుతున్నామన్నది మొదటి సంగతి. అబద్ధపు సాక్ష్యం స్వయంగా శిక్షార్హమైన నేరం, దాని భారం మోసేది ఆమే. రెండో సంగతి, సాక్ష్యం దశ రావడానికే ఏళ్ళు పట్టవచ్చు, ఆ లోపల ఎవరి మనసు ఎటు మారుతుందో చెప్పలేం. మూడోది భర్తకు సంబంధించినది. సాక్షులు ఎదురు తిరిగినందువల్ల వచ్చిన విడుదలకు, రాజీ నిజమని హైకోర్టు పరిశీలించి కేసు కొట్టివేసిన ఉత్తర్వుకు ఉద్యోగాల పరిశీలనలో తేడా కనిపించవచ్చు.

ఉత్తర్వు చేతికి వచ్చాక

చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని ఆగిపోతారు. హైకోర్టు ఉత్తర్వు కింది కోర్టుకు చేరి, ఫైలు మూసేదాకా ఆ కోర్టుకు కేసు సజీవమే. అందుకని సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగు తీసుకోండి. ఒకటి మెమోతో కింది కోర్టులో దాఖలు చేసి, జామీను బాండ్ల రద్దు, జప్తు చేసిన పాస్‌పోర్టు, ఇతర వస్తువుల వాపసు కోరాలి. ఒకటి పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోవాలి. భర్త పేర లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటకుండా విమానాశ్రయంలో ఆపమనే వర్తమానం) జారీ అయి ఉంటే, దాన్ని కోరిన పోలీసు కమిషనరు లేదా ఎస్పీ కార్యాలయానికి మరొకటి ఇచ్చి, ఉపసంహరించుకోమని రాతపూర్వకంగా అడగాలి. ఆ కార్యాలయం నుంచి ఇమిగ్రేషన్ విభాగానికి వర్తమానం వెళ్ళనిదే కంప్యూటరులో పేరు అలాగే ఉంటుంది. ప్రయాణం టికెట్టు ఆ తర్వాతే కొనుక్కోండి. నాలుగోది ఇంట్లో ఉంచుకోవలసినది.

ఉద్యోగ దరఖాస్తుల్లో, వీసా పత్రాల్లో ‘మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైందా’ అని అడిగితే, కేసు కొట్టివేశారు గనుక ‘లేదు’ అని రాయకండి. ఉందని, ఫలానా తేదీన హైకోర్టు కొట్టివేసిందని రాసి ఉత్తర్వు జత చేయాలి. దాచిపెట్టినందుకే ఉద్యోగం పోయినవారున్నారు. అడిగిన సమాచారం నిజాయితీగా ఇవ్వవలసిందేనని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సస్పెన్షన్‌లో ఉన్న ప్రభుత్వోద్యోగి తన శాఖకు కూడా ఉత్తర్వు కాపీ పంపి, తిరిగి విధుల్లోకి తీసుకోమని దరఖాస్తు చేసుకోవాలి. శాఖాపరమైన విచారణ ఉంటే అది వేరుగా ముగియాలి.

రాజీ పత్రంలో రాసుకున్న డీవీసీ, ఎంసీ, ఓపీల్లో ఏదీ మిగలలేదని కూడా సరిచూసుకోండి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లోనో, ఫోను యాప్‌లోనో ఆ నంబరు కొడితే కేసు స్థితి కనిపిస్తుంది. ఉత్తర్వు దాఖలు చేసిన నెల తర్వాత చూసినప్పుడు ఇంకా తదుపరి వాయిదా తేదీ చూపిస్తుంటే, మరో సర్టిఫైడ్ కాపీతో ఆ కోర్టు గుమస్తా దగ్గరకు వెళ్ళి, ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోవాలి.